సబ్బుపెట్టెగా మారిన పిస్టన్

గ్రాన్విల్ అరెండ్సేని జోబర్గ్ శివారులోని ఎల్డొరాడో పార్కు అనే పేటలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. అందరికీ అతను చీజ్. పిల్లలకు అంకుల్ చీజ్. చర్చిలో పాస్టర్ కూడా మైకు పట్టుకుని "బ్రదర్ చీజ్ కుటుంబం కోసం ప్రార్థిద్దాం" అంటాడు. రేపు సమాధి రాయి మీద ఏ పేరు చెక్కించాలా అని అతని భార్య ఇప్పటినుంచే బెంగ పెట్టుకుంది.

ఆ పేరు ముప్పై మూడేళ్ళ కిందట డర్బన్‌లో పుట్టింది. అప్పటికి గ్రాన్విల్‌కి ఇరవై ఆరేళ్ళు, తెలియనిది లేదు. ఫెబ్రవరి అనే ఇంటిపేరున్న స్నేహితుడు వెర్నన్‌కి ఒక పసుపు రంగు గోల్ఫ్ కారు ఉండేది. దాని ఇంజన్ని గ్రాన్విల్ తన చేతుల్తో విప్పి, సానబట్టి, మళ్ళీ బిగించాడు. జోబర్గ్‌లో అది ఎదురులేకుండా పరిగెత్తింది. ఈస్టర్ పందేలకు డర్బన్ తీసుకెళ్ళారు. కార్బొరేటర్ లోపల పెట్రోలు దిగే సన్న చిల్లుల ఇత్తడి మరలుంటాయి, వాటిని జెట్లంటారు. జోబర్గ్ కొండమీది ఊరు, అక్కడి గాలి పల్చన, చిన్న చిల్లు సరిపోతుంది. సముద్రం పక్కన గాలి చిక్కన, పెద్ద చిల్లు కావాలి. ఈ ముక్క గ్రాన్విల్‌కి తెలుసు. పెద్ద జెట్లు జేబులోనే ఉన్నాయి కూడా. కానీ నిన్నటిదాకా అంత బాగా పరిగెత్తిన ఇంజన్ మీద మళ్ళీ చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు. రెండో పరుగులో, మూడో గేర్లో, పెట్రోలు చాలక లోపలి మంట గాడి తప్పింది. ఇంజన్ పైమూత విప్పి చూస్తే పిస్టన్ ఒక పక్కంతా కరిగి కిందికి జారి ఉంది.

వెర్నన్ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తిట్టలేదు. "ఏంట్రా ఇది, టోస్టు మీద చీజులా కారిపోయింది" అన్నాడు. అంతే. అక్కడున్న ఎనిమిది మందీ నవ్వారు. జోబర్గ్ చేరేలోపు గ్రాన్విల్ అనే మనిషి లేకుండా పోయాడు.

అప్పటినుంచి అతను జోబర్గ్ దాటి పోయే ఏ బండికీ ఇంజన్ కట్టలేదు. సముద్రం మాటెత్తితే "నాకు చేపలు పడవు" అనేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో అతని పనంతా చెవితో, ముక్కుతో, స్పార్క్ ప్లగ్గుల రంగుతో నడిచేది. ఈమధ్య ఒక పాత ల్యాప్‌టాప్ కూడా చేరింది. అతని మనవరాలు స్టిక్కర్లు అంటించి వదిలేసింది అది. మూత మీద యునికార్న్ బొమ్మ చూసి కస్టమర్లు కాస్త తటపటాయించేవాళ్ళు. "గుర్రమే కదా, కొమ్ము అదనం" అనేవాడు.

పోయిన సెప్టెంబర్లో వెర్నన్ పోయాడు. మార్చి మొదట్లో ఒక శనివారం పొద్దున అతని భార్య మెర్ల్, ఆ పసుపు గోల్ఫే నడుపుకుంటూ షెడ్డు ముందుకొచ్చింది. దిగి, ప్లాస్టిక్ సంచీలోంచి ఒక వస్తువు తీసి బల్లమీద ఠక్కున పెట్టింది. ఆకుపచ్చ సబ్బు ఎండి అట్టకట్టి ఉంది దానికి.

"గుర్తుపట్టావా?"

గ్రాన్విల్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. గుర్తుపట్టాడు. "ఇంకా ఉంచారా దీన్ని?"

"ముప్పై మూడేళ్ళుగా మా బాత్రూంలో సబ్బు దీనిమీదే. కరిగిన పక్కన నీళ్ళు కారిపోతాయి, సబ్బు నానదు. నువ్వు చేసినవాటిలో పనికొచ్చింది ఇదొక్కటే."

"ఇది చూపించడానికి వచ్చావా?"

"లేదు. ఈ బండిని డర్బన్ తీసుకెళ్ళాలి. ఈస్టర్ శనివారానికి."

గ్రాన్విల్ లేచి టీకి నీళ్ళు పెట్టాడు. ఏం చెప్పాలో తోచనప్పుడు అతను చేసే పని అది.

సంగతి ఇదీ. వెర్నన్ తమ్ముడు ట్రెవర్ డర్బన్‌లో ఉంటాడు, సొంత రేసు బండి ఉన్నవాడు. పసుపు గోల్ఫ్‌ని కుర్రతనంలో అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నారు. అంత్యక్రియల రోజు భోజనాల దగ్గర ట్రెవర్ చేతిలో సమోసా పట్టుకుని అన్నాడట: "ఆ కారు నాకిచ్చెయ్ మెర్ల్. నీ దగ్గరుంటే ఏం చేస్తావు, దుప్పటి కప్పి పూలు పెడతావా?" మెర్ల్‌కి ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళుగా బడిపిల్లల వ్యాన్ నడుపుతోంది. క్లచ్ వదలడంలో ఆ చుట్టుపక్కల ఆమెని మించినవాళ్ళు లేరు. పద్నాలుగు మంది పిల్లలు లోపల కొట్టుకుంటుంటే ఎగుడు రోడ్డు మీద ఒక్క వాంతి కూడా కాకుండా బండి కదిలించగల మనిషి. అందరి ముందూ చెప్పేసింది. ఈస్టర్ శనివారం ట్రెవర్ వాళ్ళ ట్రాక్ మీదే నాలుగు వందల మీటర్లు పద్నాలుగు సెకన్ల లోపు పరిగెత్తిస్తుంది. పరిగెత్తిస్తే ట్రెవర్ ఆ కారు ఊసు మళ్ళీ ఎత్తకూడదు. లేదంటే అక్కడే తాళాలు ఇచ్చేసి బస్సెక్కుతుంది.

"ఇప్పుడెంతలో పరిగెడుతోంది?"

"ఇక్కడి ట్రాక్ మీద పద్నాలుగు పాయింట్ ఎనిమిది."

"ఇంజన్ పోతే?"

"రెండోది లేదు. ఇదొక్కటే. వెర్నన్ చివరిగా బిగించింది." మెర్ల్ సబ్బుపెట్టెని వేలితో అతని వైపు తోసింది. "అందుకే నీ దగ్గరికొచ్చాను. కరిగించిన మనిషికి ఎలా కరుగుతుందో తెలిసుంటుంది కదా."

గ్రాన్విల్ బానెట్ ఎత్తాడు. పాత కార్బొరేటర్లు ఎప్పుడో పోయాయి. వాటి చోట రెండు లీటర్ల పదహారు వాల్వుల ఇంజన్, దాని పక్కన బాకాల్లాంటి నాలుగు గాలి గొట్టాలు, పెట్రోలు ఎంత పోయాలో చెప్పే ఒక చిన్న కంప్యూటర్. ఆ కంప్యూటర్ పాతకాలంది. కాలు ఎంత తొక్కారు, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ రెండే చూస్తుంది. గాలి పల్చనో చిక్కనో దానికి పట్టదు. గ్రాన్విల్ బానెట్ మెల్లిగా దించాడు. మూత తెరిస్తే పాత శత్రువు లోపల కూర్చుని కాలు ఊపుతున్నట్టనిపించింది.

"సరే. కానీ నేను చెప్పినట్టే."

"ఇంకోటి. రిషాద్ దగ్గర డైనో మీద కూడా ఎక్కించాలి" అంది మెర్ల్.

డైనో అంటే గ్రాన్విల్‌కి పడదు. కారుని రోలర్ల మీద నిలబెట్టి, పట్టీలతో కట్టేసి, ఉన్నచోటే పరుగు తీయించి బలం ఎంతో కొలిచే యంత్రం అది. దాని యజమాని రిషాద్ లెనేషియాలో ఉంటాడు, ముప్పై అయిదేళ్ళవాడు. పరుగు అయ్యాక రంగుల గీతలతో మెరిసే కాగితం మీద అచ్చేసి ఇస్తాడు. "పెళ్ళి శుభలేఖలు అచ్చేస్తాడు వాడు" అనేవాడు గ్రాన్విల్. "పెళ్ళికూతురు ఎలా ఉందో మాత్రం చెప్పడు."

మెర్ల్ పట్టు వదల్లేదు. ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. చిన్న పనులు రోడ్డు మీద, కాలు పూర్తిగా తొక్కే పని రోలర్ల మీద. నిజానికి ఈ రెండోది గ్రాన్విల్‌కీ నచ్చింది. ఎల్డొరాడో పార్కు రోడ్ల మీద కుక్కలుంటాయి, పోలీసులుంటారు, ఆదివారమైతే తెల్లటి టోపీలతో చర్చి ఆడవాళ్ళుంటారు. వీళ్ళల్లో ఎవరిని గుద్దినా బతకనివ్వరు.

రెండు వారాలు పొద్దున్నే వెళ్ళారు. మెర్ల్ నడిపేది, గ్రాన్విల్ పక్క సీట్లో యునికార్న్‌ని ఒళ్ళో పెట్టుకునేవాడు. అతని నియమం ఒకటే: నడిపేవాళ్ళు ల్యాప్‌టాప్ వైపు చూడకూడదు, ల్యాప్‌టాప్ వాళ్ళు రోడ్డు గురించి మాట్లాడకూడదు.

"అదిగో కుక్క—"

"నువ్వు గుర్రాన్ని చూసుకో చీజ్, కుక్క సంగతి నాకొదిలెయ్."

ముందు పెట్రోలు కావలసినదానికన్నా ఎక్కువ పోశాడు. నిప్పురవ్వని కాస్త ఆలస్యంగా వెలిగేట్టు పెట్టాడు. అలా పెడితే బండి మందంగా ఉంటుంది, కానీ దేన్నీ కరిగించదు. అక్కడినుంచి ఒక్కో చుక్క తగ్గిస్తూ, ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ, పొగ గొట్టంలో బిగించిన మీటరు ఏమంటోందో చూస్తూ, మార్చిన ప్రతిదాన్నీ కాపీ చేసి ఉంచుకుంటూ వచ్చాడు. ఒకేసారి రెండు మార్పులు చెయ్యడు. మెర్ల్‌కి విసుగొచ్చేది. "నా వ్యాన్‌లో రెండో తరగతి పిల్లలు ఇంతకన్నా తొందరగా అన్నం తింటారు" అనేది.

ఒకరోజు ఆమెని తన ముసలి బక్కీలో కూర్చోబెట్టాడు. సామాన్లు మోసే ఆ ట్రక్కుకి వయసు మీరిపోయింది, ఇక దానికి కొత్త రోగం రాదు. ఇంజన్‌కి ఒక రాగి గొట్టం మొన సాగగొట్టి బిగించాడు. దాని రెండో కొసకి రబ్బరు పైపు, పైపుకి చెవులు మూసే పాత డిప్పలు. వాటిని మెర్ల్ నెత్తిన తొడిగి, ఎత్తు మీద నాలుగో గేర్లోనే ఉంచి కాలు గట్టిగా తొక్కాడు.

"ఏం వినిపిస్తోంది?"

"రొద. నీ బండి ఏడుస్తోంది."

"ఇంకా?"

మెర్ల్ కళ్ళు మూసుకుంది. "రేకు డబ్బాలో ఎండు బఠాణీలు వేసి ఊపినట్టు."

"అదే. మంట తన సమయానికి కాకుండా తనకి తోచినప్పుడు అంటుకుంటే వచ్చే చప్పుడు. నీ బండిలో ఆ బఠాణీలు వినిపించిన క్షణం కాలు తీసెయ్. గెలుస్తున్నావా ఓడుతున్నావా అని ఆలోచించకు. అప్పటికి నీకు ఒక్క సెకనుంటుంది, సగం ఆలోచనకే పోతుంది."

"వెర్నన్‌కి చెప్పావా ఇది?"

"అప్పుడు నాకే తెలీదు."

రిషాద్ షెడ్డులో గ్రాన్విల్ ముందు పట్టీలన్నీ తానే లాగి చూశాడు. "అంకుల్, రోజుకి ఆరు కార్లు కడతాను నేను" అన్నాడు రిషాద్. "ఏడోది ఇది" అన్నాడు గ్రాన్విల్. కారు ముందూ వెనకా ఎవర్నీ నిలబడనివ్వలేదు. మెర్ల్ సెల్‌ఫోన్‌తో ముందుకెళ్ళి వీడియో తీయబోతే, బడిపిల్లలకి ఆమె చెప్పే గొంతుతోనే "గోడవైపు!" అని అరిచాడు. పెద్ద ఫ్యాన్ బాకాలకి ఎదురుగా పెట్టించాడు. రాగి గొట్టం బిగించి డిప్పలు తొడుక్కున్నాడు.

రిషాద్ నవ్వాడు. "అంకుల్, నా దగ్గర దానికి మైకు, స్క్రీను ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది."

"నీ స్క్రీను నువ్వు చూసుకో. ఎవరు ముందు చెప్తే వాళ్ళ మాట వింటాం."

పరుగు మీద పరుగు తీయించారు. పరుగుకీ పరుగుకీ మధ్య చల్లారనిచ్చారు. తొమ్మిదో పరుగులో గ్రాన్విల్ చెయ్యెత్తాడు. రిషాద్ కూడా అదే క్షణంలో ఎత్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కొంచెం సిగ్గుపడ్డారు. నిప్పుని మూడు డిగ్రీలు వెనక్కి లాగి అక్కడే ఆపమన్నాడు గ్రాన్విల్.

"ఇంకో రెండు డిగ్రీలు ఇస్తే నూట ఇరవై అయిదు చూపిస్తా అంకుల్."

"ఎవరికి చూపిస్తావు?"

రిషాద్ కాగితం అచ్చేసి మెర్ల్ చేతికిచ్చాడు. నూట పంతొమ్మిది కిలోవాట్లు. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఆంటీ, ఇందులో అసలు విశేషమేంటంటే, ఇది డర్బన్ లెక్క. రోలర్ల మీద వచ్చింది తొంభై ఎనిమిదే. మన గాలి పల్చన కదా, సముద్రం దగ్గరైతే ఎంతొస్తుందో లెక్కగట్టి మెషీన్ సరిచేసి రాస్తుంది."

"అంటే డర్బన్‌కి సరిచేసేసినట్టేనా?" అంది మెర్ల్.

"సరిచేసే ఇచ్చా ఆంటీ. అక్కడికెళ్ళి తాళం తిప్పడమే."

గ్రాన్విల్ డిప్పలు తీశాడు. తనకి ఇరవై ఆరేళ్ళప్పుడు ఇదే మాట ఇంత నున్నటి కాగితం మీద లేదు, అంతే తేడా. "రిషాద్, కాగితం మీద అంకె సరిచేసింది నీ మెషీను. ఇంజన్‌లోకి పోయే పెట్రోలు ఎవరు సరిచేశారు?"

రిషాద్ బానెట్ కిందికి వంగి చూశాడు. "ఆ కంప్యూటర్‌కి గాలి చూసే సెన్సర్ లేదా?"

"లేదు."

"ఈ పండక్కి డర్బన్ పోయే బండ్లు నా చేతిమీదుగా పదకొండు వెళ్తున్నాయి అంకుల్" అన్నాడు రిషాద్ నెమ్మదిగా. ఫోన్ తీసుకుని బయటికెళ్ళాడు. లోపలికి అతని గొంతు వినిపిస్తూనే ఉంది: "బ్రో, నీ బండిలో ఏ కంప్యూటరు? లేదు లేదు, ఊరికే అడుగుతున్నా..."

గుడ్ ఫ్రైడే నాడు చర్చి అయ్యాక, చింత కలిపినట్టు పుల్లగా ఉండే మసాలా చేప, తీపి బన్నులూ తిని బయల్దేరారు. బక్కీ వెనక ట్రెయిలర్ మీద గోల్ఫ్. బక్కీలో బన్నుల డబ్బా పక్కన దుప్పటి కప్పిన రెండు క్యాన్లు కనిపించాయి. నీళ్ళనుకున్నాడు గ్రాన్విల్. డాష్‌బోర్డు మీద సబ్బుపెట్టె. "ఇదెందుకు?" అంటే "నువ్వు నిద్రపోకుండా" అంది మెర్ల్.

వాన్ రీనెన్ కనుమ దిగుతుంటే ఇద్దరికీ చెవులు పట్టేశాయి. మెర్ల్ ముక్కు మూసుకుని గాలి ఊదుకుంది.

"చూశావా, గాలి మారిందని నీ చెవులకి తెలిసింది" అన్నాడు గ్రాన్విల్. "వెనకున్న దానికి ఇంకా తెలీదు. అది ఎల్డొరాడో పార్కులోనే ఉన్నాననుకుంటోంది."

శనివారం పొద్దున ట్రాక్ మీద సాధన పరుగులు రెండు. అక్కడ రోలర్లు లేవు. గ్రాన్విల్ దారిలో డర్బన్ బంకులో కొద్దిగా పెట్రోలు పోయించుకొచ్చాడు. గాలి అయిదో వంతు ఎక్కువ కాబట్టి కంప్యూటర్లో పెట్రోలు కూడా అయిదో వంతు పెంచి, దానిమీద ఇంకాస్త చేర్చాడు. నిప్పుని మూడు డిగ్రీలు వెనక్కి లాగాడు. "సగం దూరమే. కాలు పూర్తిగా తొక్కి, నేను చెప్పిన చోట క్లచ్ నొక్కి అదే క్షణంలో తాళం ఆపెయ్. అలాగే దొర్లుకుంటూ పక్కకి పో. నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకు."

తనిఖీ చేసేవాడు కారు చుట్టూ తిరిగి, ఇంజన్ గోడలోంచి వచ్చి మెర్ల్ హెల్మెట్ కిందికి దూరిన రబ్బరు పైపు దగ్గర ఆగాడు. "ఇదేంటి ఆంటీ?"

"వినికిడి మిషను" అంది మెర్ల్. వాడు జాలిగా తలూపి స్టిక్కర్ అంటించాడు.

మొదటి పరుగు తర్వాత ప్లగ్గు విప్పి భూతద్దంతో చూస్తే మసిబొగ్గు. పెట్రోలు ఎక్కువ. గ్రాన్విల్‌కి ఆనందమైంది. ముప్పై మూడేళ్ళ కిందట డర్బన్‌లో చూడాల్సిన నల్లటి ప్లగ్గు అది. పెట్రోలు కొంచెం తగ్గించాడు. రెండోసారి ప్లగ్గు బిస్కెట్ రంగుకొచ్చింది, మీటరు కూడా అదే మాట చెప్పింది. రెండోది పూర్తి పరుగు. బోర్డు మీద పద్నాలుగు పాయింట్ ఒకటి. ఇంకా నిప్పు ముందుకు జరపాల్సినంత జరపలేదు. ఒక్క డిగ్రీ జరిపాడు.

ట్రెవర్ వచ్చి భుజం తట్టాడు. పెద్ద మీసం, పెద్ద బొజ్జ, వెర్నన్ నవ్వే. "ఏంటి చీజ్, వాసనొస్తోందని వచ్చా. ఏదైనా కరుగుతోందా?"

"నీ మీసానికున్న ఐస్‌క్రీము" అన్నాడు గ్రాన్విల్.

మధ్యాహ్నం అసలు పరుగులు మూడు. గ్రాన్విల్ బన్నీ చౌ తెచ్చుకోవడానికి వెళ్ళి, రొట్టె డొల్లలోంచి కారే కూరతో చేతులు పసుపు చేసుకుని తిరిగొచ్చేసరికి గోల్ఫ్ వరసలో నిలబడి ఉంది. దీపాలు పచ్చగా వెలిగాయి. మెర్ల్ క్లచ్ వదిలిన తీరుకి పక్కనున్న ఒకడు ఈల వేశాడు. మొదటి గేరు, రెండోది, మూడోది. అక్కడ ఇంజన్ గొంతు ఒక్కసారిగా పడిపోయింది.

పద్నాలుగు పాయింట్ ఆరు.

గ్రాన్విల్ పరిగెత్తాడు. అతను పరిగెత్తడం ఇటీవలి కాలంలో ఎవరూ చూడలేదు, చూడదగ్గ దృశ్యం కూడా కాదు. మెర్ల్ హెల్మెట్ తీసి కూర్చునుంది, మొహం పాలిపోయి.

"బఠాణీలు" అంది. "మూడో గేర్లో. కాలు తీసేశాను."

"మంచి పని చేశావు."

"ఒక పరుగు పోయింది చీజ్!"

"ఇంజన్ ఉంది కదా." ప్లగ్గు విప్పాడు. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్లచుక్కలు. వెండిరంగు చుక్క ఉంటే అది పిస్టన్ ముక్క. భూతద్దాన్ని మూడుసార్లు తుడిచి వెతికాడు. లేదు. బక్కీ డాష్‌బోర్డు మీదున్న ఆ కరిగిన పిస్టన్ కళ్ళముందు కనిపిస్తోంది, కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది. ల్యాప్‌టాప్ చూశాడు. పెట్రోలు సరిగ్గా పొద్దున్నలాగే పోస్తోంది. ఎండ పెరిగింది నిజమే, ఒక డిగ్రీ జరిపాడు నిజమే, కానీ వాటికి ఇన్ని బఠాణీలు రావు.

"పొద్దున్నుంచి ఇప్పటికి ఏం మారింది?" అన్నాడు. "నేను లేనప్పుడు ఎవరైనా బండి ముట్టుకున్నారా? ట్రెవర్ వచ్చాడా?"

"నేనే ముట్టుకున్నా."

"ఏం చేశావు?"

"పెట్రోలు పోశా. రెండు క్యాన్లు." బక్కీ వైపు వేలు చూపించింది. "మన మూల బంకుది. వెర్నన్ ఎప్పుడూ ఆ బంకు తప్ప ఇంకెక్కడా పోయించేవాడు కాదు తెలుసు కదా. ఈ బండి ఆ పెట్రోలుకే అలవాటుపడింది అనేవాడు. అసలు పరుగుకి అదే ఉంటే... ఆయన పోయించినట్టుంటుందని."

ఎల్డొరాడో పార్కులో అందరూ పోయించుకునేది తొంభై మూడు ఆక్టేన్ పెట్రోలు; ఆ అంకె ఎంత పెద్దదైతే మంట అంత అదుపులో ఉంటుంది. అక్కడి పల్చటి గాలికి అది చాలు. ఇక్కడి గాలికి తొంభై అయిదు లేకపోతే మంట ఆగదు, తనకి తోచినప్పుడు అంటుకుంటుంది. గ్రాన్విల్‌కి తిట్టడానికి నోటిదాకా చాలా వచ్చాయి. జేబులో జెట్లు పెట్టుకుని కూడా మార్చని కుర్రాడు గుర్తొచ్చాడు. ఆ రోజు ఆ కుర్రాణ్ణి తిట్టాల్సిన మనిషి తిట్టలేదు.

"వెర్నన్ ఆ బంకుకే ఎందుకు పోయేవాడో తెలుసా?" అన్నాడు. "అక్కడ పంపు దగ్గరుండే అతను ఊరికే కబుర్లు చెప్తాడు. అంతే కారణం. ఆయిల్ కూడా చూడకుండా గంట మాట్లాడేవాడు నీ మొగుడు."

మెర్ల్ ముక్కు చీదింది. అది ఏడుపో నవ్వో గ్రాన్విల్ అడగలేదు. "ఇప్పుడేం చేద్దాం?"

"ట్యాంకు ఖాళీ చేద్దాం."

ఇంజన్ చల్లారాలి. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు తియ్యడానికి గ్రాన్విల్ ఒప్పుకోలేదు. నిప్పులార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, సిగరెట్‌తో వచ్చిన ట్రెవర్‌ని పది గజాల అవతలికి తోలాడు. ఈలోగా మైకులో రెండో పరుగుకి మెర్ల్ ఫెబ్రవరి అని పిలిచారు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచి పేరు కొట్టేశారు.

"ఫెబ్రవరి అయిపోయింది వదినా, ఏప్రిల్ వచ్చేసింది!" అని అరిచాడు ట్రెవర్, పది గజాల అవతలినుంచే. ఆ కుటుంబంలో ఈ జోకు పుట్టి అరవై ఏళ్ళయింది, ఇంకా చావలేదు.

గ్రాన్విల్ దగ్గర్లోని బంకు నుంచి క్యాన్‌లో తొంభై అయిదు తెచ్చాడు. పోయడానికి గరాటు లేదు. మెర్ల్ సంచీ వెతికి, బైబిల్ మధ్యలో మడతపెట్టి ఉంచిన రిషాద్ కాగితం తీసింది. మెరిసే దళసరి కాగితం. గ్రాన్విల్ దాన్ని చుట్టి గరాటు చేశాడు. నూట పంతొమ్మిది కిలోవాట్ల మీదుగా పెట్రోలు చుక్క కింద పడకుండా ట్యాంకులోకి దిగింది.

"దీనికైతే బాగా పనికొచ్చింది" అని ఒప్పుకున్నాడు.

తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి నిప్పుని రెండు డిగ్రీలు వెనక్కి లాగాడు. మెర్ల్ చూసింది. "బలం తగ్గిస్తున్నావా? పద్నాలుగు లోపు రావాలి!"

"పొద్దున ఒకటి పెంచా, ఇప్పుడు రెండు తగ్గిస్తున్నా. పద్నాలుగు పాయింట్ ఒకటి వచ్చిన పొద్దుటి పరుగులో నువ్వు రెండో గేరు లేటుగా మార్చావు. అది నువ్వు తీసుకురా. మిగతాది సాయంత్రానికి చల్లబడే సముద్రగాలి ఇస్తుంది. నేను ఇవ్వగలిగింది ఈ ఇంజన్ని మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళడం."

ఆఖరి పరుగుకి గ్రాన్విల్ కంచె దగ్గర నిలబడ్డాడు. ట్రెవర్ పక్కనే వచ్చి నిలబడ్డాడు, చెయ్యి చాచి, తాళాలకి సిద్ధంగా. నవ్వడం మాత్రం మానేశాడు. అన్న ఇంజన్ అది, అతనికీ చెవులున్నాయి.

దీపం పచ్చబడింది. బడిపిల్లల వ్యాన్ నడిపే మనిషి క్లచ్‌ని పాలగ్లాసు దించినట్టు వదిలింది. చక్రాలు కీచుమనలేదు, పట్టుకున్నాయి. రెండో గేరు ఈసారి సరిగ్గా పడింది. మూడు. గ్రాన్విల్ ఆ గొంతు పడిపోతుందేమోనని చెవులప్పగించాడు. పడిపోలేదు. నాలుగు బాకాలూ ఒకే రాగం మీద, గరగరా బొంగురుగా, చివరి గీతదాకా పాడుకుంటూ పోయాయి.

పదమూడు పాయింట్ తొమ్మిది ఆరు.

ట్రెవర్ చాచిన చెయ్యిని అలాగే చూసుకుని, ఏం చెయ్యాలో తెలియక గ్రాన్విల్ చేతిలో పెట్టి ఊపాడు. "మా అన్న ఇంజన్ అలా పాడటం నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "చీజ్, నా బండిని కూడా ఒకసారి విను, ఊరికే."

"రాగి గొట్టం తెచ్చుకో. బీరు నీది."

గోల్ఫ్ దగ్గరికెళ్ళి ముందు ప్లగ్గు విప్పాడు. మెర్ల్ హెల్మెట్ చంకలో పెట్టుకుని ఎగురుతోంది, ఎవరెవర్నో కౌగిలించుకుంటోంది, తనిఖీవాణ్ణి కూడా. వాడు "వినికిడి ఇప్పుడెలా ఉంది ఆంటీ?" అని ఆమె చెవిలో అరుస్తున్నాడు. గ్రాన్విల్ భూతద్దం పెట్టి చూశాడు. బిస్కెట్ రంగు, ఎక్కడా మిరియాలు లేవు. ఆ ప్లగ్గుని చొక్కా జేబులో వేసుకుని, వేడిగా ఉందని గుర్తొచ్చి గంతేశాడు.

ఆదివారం పొద్దున ట్రెయిలర్ కట్టేసి బయల్దేరేముందు పెట్రోలునీ నిప్పునీ కొండమీది లెక్కకి మార్చాడు. ఇంటి దగ్గర ట్రెయిలర్ మీంచి దించేటప్పుడు మెర్ల్ ఎలాగూ కాలు తొక్కుతుందని అతనికి తెలుసు. డాష్‌బోర్డు మీదున్న పిస్టన్ చేతిలోకి తీసుకున్నాడు. కరిగి జారిన అంచు మీద బొటనవేలు తిప్పాడు.

"ఇక దీన్ని నాకిచ్చెయ్ మెర్ల్. ఊరు దాటేలోపు సముద్రంలో పారేస్తా. ముప్పై మూడేళ్ళయింది."

మెర్ల్ బక్కీ తలుపు వేసుకుని సీటుబెల్టు పెట్టుకుంది. చెయ్యి చాచి పిస్టన్‌ని లాక్కుని సంచీలో వేసింది.

"పారేస్తే సబ్బు ఎక్కడ పెట్టుకోను?" అంది. "బండి పోనియ్ చీజ్, కనుమ ఎక్కేలోపు బన్నులు అయిపోతాయి."